కారు డీటెయిలింగ్ (శుభ్రం చేసి మెరిపించే) కెమికల్ బాటిల్స్ మీద లేబుల్ ఊడకుండా, చెరగకుండా ఉండాలంటే

పోయిన వర్షాకాలం మా బావ హైదరాబాద్ నుంచి బెంగళూరు వచ్చినప్పుడు, ఖాళీగా కూర్చోలేక నా కారు లోపల తుడుద్దామని బేస్‌మెంట్‌కి వెళ్లాడు. షెల్ఫ్‌లో రెండు అర లీటర్ స్ప్రే బాటిల్స్ పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాంట్లో ఇంటీరియర్ క్లీనర్, ఇంకోదాంట్లో టైర్ డ్రెస్సింగ్ (టైర్లు నల్లగా మెరవడానికి పూసే జారుడు ద్రవం), రెండూ పాల రంగే, రెండిటి మీదా నేను మార్కర్‌తో రాసింది చెదిరిపోయి నల్లటి మరక మాత్రమే మిగిలింది. ఆయన టైర్ డ్రెస్సింగ్ తీసుకుని స్టీరింగ్‌కి, గేర్ నాబ్‌కి, పెడల్స్‌కి కూడా శుభ్రంగా పట్టించాడు. సాయంత్రం కారు తీశాక అపార్ట్‌మెంట్ గేటు ముందు స్పీడ్ బ్రేకర్ దగ్గర బ్రేక్ మీద నుంచి షూ సర్రున జారింది. పది స్పీడ్‌లో ఉన్నాం కాబట్టి సరిపోయింది, అదే అవుటర్ రింగ్ రోడ్ మీద అయితే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. తప్పు బావది కాదు, లేబుల్ సరిగ్గా పెట్టని నాది. అప్పటినుంచి దీని మీద గట్టిగా కూర్చుని రకరకాలుగా చేసి చూశా.

ముందు ఒక మాట, చాలామంది మంచి స్టిక్కర్, మంచి ఇంకు కోసం వెతుకుతారు కానీ లేబుల్ పోయేది ఎక్కువగా బాటిల్ వల్ల, మనం అంటించే చోటు వల్ల. బాటిల్ అడుగున త్రికోణంలో ప్లాస్టిక్ రకం చెప్పే నంబర్ ఉంటుంది చూడండి, 1 ఉంటే పెట్, 2 ఉంటే హెచ్‌డీపీఈ, 5 ఉంటే పాలీప్రొపిలీన్. పెట్ మీద జిగురు బాగా పడుతుంది. తెల్లగా, కొంచెం మైనంలా తగిలే ఆ 2 నంబర్ బాటిల్ మీద మాత్రం ఏ జిగురూ సులువుగా పట్టదు, ఆ ప్లాస్టిక్ స్వభావమే అంత. అలాంటిదానికి అంటించాలంటే గట్టి జిగురున్న వినైల్ (ప్లాస్టిక్) స్టిక్కర్ కావాలి, లేదా టేప్‌ని బాటిల్ చుట్టూ పూర్తిగా తిప్పి దాని మీదకే ఎక్కేలా అంటించాలి, ఎందుకంటే టేప్ బాటిల్‌కి పట్టకపోయినా టేప్‌కి టేప్ గట్టిగా పట్టేస్తుంది.

కడగటం దగ్గర బద్ధకించొద్దు. కొత్త బాటిల్ అయినా సరే గిన్నెల సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక, ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తడిపిన బట్టతో తుడవండి, ఆ తర్వాత లేబుల్ వేసే చోట వేలు పెట్టొద్దు. వ్యాక్స్, డ్రెస్సింగ్ పట్టుకున్న చేత్తో అంటిస్తే సిలికాన్ జిడ్డు జిగురు కిందకి వెళ్లి వారంలో అంచు లేచిపోద్ది. అంటించాక మధ్య నుంచి అంచులకి బొటనవేలితో గట్టిగా రుద్దండి, ఒక రోజంతా వాడకుండా పక్కన పెట్టండి, ఈ జిగురు పూర్తి పట్టు రావడానికి టైమ్ పడుతుంది. నేను మొదట్లో అంటించిన పది నిమిషాలకే వాడేసేవాణ్ణి, అందుకే అన్నీ ఊడిపోయేవి.

ఇక చోటు. స్ప్రే చేశాక నాజిల్ దగ్గర ఒక చుక్క నిలబడి, అది మెల్లగా మెడ మీదుగా బాటిల్ ముందు వైపు దిగుతుంది, మీ బాటిల్స్ ఒకసారి గమనించండి, ముందు వైపు ఒక చారలా జిడ్డు ఉంటుంది. లేబుల్ సరిగ్గా అక్కడే పెడతాం మనం! పక్కకి పెట్టండి, నాజిల్‌కి ముందూ కాదు, చెయ్యి పట్టుకునే వెనకా కాదు. రెండు వైపులా వంపు తిరిగిన భుజం దగ్గర పెడితే ముడతలు వస్తాయి, ఆ ముడతలోంచే తడి లోపలికి పోద్ది. లేబుల్ మూలలు కత్తెరతో గుండ్రంగా కత్తిరించండి, ఊడటం ఎప్పుడూ మొన తేలిన మూల దగ్గరే మొదలవుతుంది.

దేనితో రాయాలి అంటే, మార్కర్ ఒక్కటే అస్సలు చాలదు, పర్మనెంట్ అని రాసి ఉన్నా ఆల్కహాల్ గానీ తార్ రిమూవర్ (రోడ్డు తారు మరకలు తీసే ద్రవం) గానీ తగిలితే కారిపోద్ది. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్‌తో కాగితం మీద తీస్తే మామూలుగా నీటికే పాడవుతుంది. జిరాక్స్ షాపులో లేజర్ ప్రింట్ తీయించుకుంటే ఆ టోనర్ వేడికి కరిగి అతుక్కున్న ప్లాస్టిక్ పొడి కాబట్టి నీళ్లకి తట్టుకుంటుంది, దాని మీద వెడల్పు పారదర్శక టేప్ చుట్టూ తిప్పితే ఇంట్లో వాడేవాళ్లకి అది చాలు, ఖర్చు కూడా దాదాపు లేనట్టే. కొరియర్ మీద వచ్చే థర్మల్ స్టిక్కర్ మాత్రం వాడొద్దు, ఎండలో పెట్టిన కారు డిక్కీలో వేడికి అది నల్లబడిపోవచ్చు.

ఇంకొంచెం పెట్టగలిగితే బ్రదర్ పీ-టచ్ లాంటి లేబుల్ మెషీన్, దాని టీజెడ్ఈ ల్యామినేటెడ్ టేప్‌లో అక్షరాలు రెండు పొరల మధ్య ఉంటాయి కాబట్టి పైన ఎంత రుద్దినా చెరగవు. కానీ నాకు బాగా నచ్చింది మన రేడియం స్టిక్కర్ షాపు. జేసీ రోడ్ వైపు, లేదా మీ ఏరియాలోనే బైకులకీ ఆటోలకీ స్టిక్కర్లు కోసే షాపులు ఉంటాయి కదా, అక్కడ రంగు వినైల్‌ని మెషీన్‌తో అక్షరాలుగా కోసిస్తారు. దాంట్లో ఇంకు అనేదే ఉండదు, కాబట్టి కరిగిపోయే ఇంకు గొడవే లేదు. అక్షరం మరీ చిన్నదైతే పట్టు ఉండదు కాబట్టి కనీసం 2 సెంటీమీటర్ల ఎత్తు ఉండేలా అడగండి, చిన్న వివరాలన్నీ లేజర్ ప్రింట్‌లో, పెద్ద పేరు వినైల్‌లో, ఇదీ నా పద్ధతి.

రాయాల్సింది పేరు ఒక్కటే కాదు. ఏపీసీ (ఆల్ పర్పస్ క్లీనర్) 1:10, అంటే ఒక వంతు కెమికల్‌కి పది వంతుల నీళ్లు, అని రాసి ఊరుకుంటే మళ్లీ కలిపేటప్పుడు లెక్క మర్చిపోతాం, అందుకే "500 ఎంఎల్‌కి 45 కెమికల్, 455 నీళ్లు" అని నేరుగా రాసేస్తా, కలిపిన తేదీ కింద వేస్తా. తేదీ మారుతూ ఉంటుంది కాబట్టి అది మాత్రం టేప్ పైన మార్కర్‌తో, ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ రాసుకోవచ్చు. అద్దాలకి నీలం, చక్రాలకి ఎరుపు, లోపలికి ఆకుపచ్చ, అలా మెడకి రంగు జిప్ టై ఒకటి బిగించండి, లేబుల్ పోయినా, ఇంట్లోవాళ్లకి చదవడం కుదరకపోయినా రంగు చూసి తెలుస్తుంది. ఇప్పుడు మా బావ కూడా ఎరుపు ఉన్నది ముట్టుకోడు.

యాసిడ్ వీల్ క్లీనర్ విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నా, దాన్ని మంచినీళ్ల బాటిల్లో, కూల్‌డ్రింక్ బాటిల్లో ఎట్టి పరిస్థితుల్లోనూ పోయొద్దు, ఎంత పెద్ద లేబుల్ వేసినా సరే, పిల్లలు లేబుల్ చదవరు, బాటిల్ చూసి నోట్లో పెట్టుకుంటారు. "యాసిడ్, బ్లీచ్‌తో కలపొద్దు" అని దాని మీద పెద్దగా రాయండి, ఆ రెండూ కలిస్తే విష వాయువు వస్తుంది. కంపెనీ డబ్బా మీద ఉన్న హెచ్చరిక ఫోటో తీసి, లేజర్ ప్రింట్ తీయించి వెనక అంటిస్తే ఇంకా మంచిది.

అన్నీ అయ్యాక, ఒక రోజు ఆగి, ఆ బాటిల్లో ఉన్న కెమికల్‌నే బట్ట మీద తీసుకుని లేబుల్‌ని ఇరవై సార్లు రుద్దండి, అంచు కదిలితే ఇప్పుడే పీకి మళ్లీ చేయండి. పాత జిగురు గోరుతో గీకుతూ కూర్చోవద్దు, కొబ్బరి నూనె రాసి గంట వదిలేస్తే ముద్దలా వచ్చేస్తుంది, కానీ ఆ నూనె పోయేదాకా సబ్బుతో, ఆ తర్వాత ఆల్కహాల్‌తో తుడిచాకే కొత్తది వేయండి.