ఎడారి మ్యాప్‌కి అరకు ఘాట్‌లో ట్రయల్

వైజాగ్ నుంచి థార్ ఎడారి చూడ్డానికి వెళ్లేవాళ్లు ముందు అరకు ఘాట్‌లో ఒకసారి ట్రయల్ వేసుకోండి. ఇంట్లోనే ఆఫ్‌లైన్ మ్యాప్ దింపుకుని, దారిలో మొబైల్ డేటా ఆపేయండి. సిగ్నల్ లేకపోయినా మీరున్న చోటు చూపించే జీపీఎస్ చుక్క కదులుతూనే ఉంటుంది. మ్యాప్ దింపుకోకపోతే మాత్రం దాని చుట్టూ ఖాళీయే.

థార్‌లో ఆ చుక్క ఒక్కటే చాలదు. ఇసుక తిన్నెలు జరుగుతాయి, జీపు జాడలు మాసిపోతాయి. మ్యాప్‌లో గీత ఉన్నంత మాత్రాన దారి ఉన్నట్టు కాదు. అందుకే సర్వే ఆఫ్ ఇండియా (కేంద్ర ప్రభుత్వ మ్యాపుల సంస్థ) 1:50,000 స్కేలు మ్యాప్ షీటు ప్రింటు కూడా ఉంచుకోండి. అందులో 2 సెంటీమీటర్లంటే ఒక కిలోమీటరు. సర్వే ఏ సంవత్సరానిదో ముందు చూడండి. బావి గుర్తు కనిపించింది కదా అని నీళ్ల క్యాన్లు తగ్గించొద్దు, ఆ బావి ఎప్పుడో ఎండిపోయి ఉండొచ్చు. ఇంకోటి, ఫోన్‌ని డాష్‌బోర్డు మీద ఎండకి వదిలేస్తే వేడెక్కి ఆగిపోతుంది.