ఊరి రాజకీయం రాసేవారికి – నాలుగో పాఠం: అఫిడవిట్ చదివారు సరే, ఏం రాశారు?

ఈ వారం పంచాయతీ నిధుల గురించి చెప్తానన్నాను. మంజూరైంది ఎంత, విడుదలైంది ఎంత, నిజంగా ఖర్చయింది ఎంత అన్నది పాఠం. అది వాయిదా. మూడో పాఠం చదివి మీరు పంపిన రాతలు చూశాక, ముందు వీటిని సరిచేయకుండా నిధుల లెక్కల్లోకి దిగితే ఇంకా పెద్ద గొడవలు నెత్తికెత్తుకుంటారని అర్థమైంది.

పోయినసారి ఇచ్చిన పని గుర్తుంది కదా. మీ ఎమ్మెల్యే ఎన్నికల అఫిడవిట్‌ను, అంటే నామినేషన్‌తో పాటు తన కేసులు, ఆస్తులు ప్రమాణం చేసి చెప్పే ఫారం 26ను, ఎన్నికల సంఘం సైటు నుంచి డౌన్‌లోడ్ చేసుకుని, అందులో ఉన్నదాని మీద ఒక పేజీ రాయమన్నాను. చాలామంది రాశారు. కొందరు నాకు పంపకముందే ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. అలా పెట్టిన ఒకాయనకు ఎమ్మెల్యే అనుచరుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "కాగితంలో ఉన్నదే రాశాను కదండీ, నాకెందుకీ టెన్షన్" అని ఆయన బాధ. కాగితంలో ఉన్నది 11 పెండింగ్ కేసులు. ఆయన పెట్టిన శీర్షిక "11 నేరాలు చేసిన మన ఎమ్మెల్యే". ఇక ఫోన్లు రాకుండా ఉంటాయా?

ఫారం 26లో 5వ అంశం పెండింగ్ కేసులది, 6వ అంశం శిక్ష పడిన కేసులది. రెంటినీ వేరువేరుగా పెట్టింది ఊరికే కాదు. 5లో ఉన్నవాటిని 6లో ఉన్నట్టు రాసినవాళ్లు మీలో చాలామందే ఉన్నారు. ఎవరో ఫిర్యాదు ఇస్తే పోలీసులు ఎఫ్‌ఐఆర్ కడతారు. దర్యాప్తు చేసి ఛార్జిషీటు వేస్తారు, లేదా పస లేదని కేసు మూసేస్తారు. ఛార్జిషీటు వేస్తే కోర్టు దాన్ని చూసి అభియోగాలు ఖరారు చేస్తుంది, లేదా కొట్టేస్తుంది. ఆ తర్వాతే విచారణ, తీర్పు, అప్పీలు. అభియోగాలు ఖరారయ్యాయా, అయితే ఏ తేదీన అని ఫారంలోనే అడుగుతారు. ఆ గడి చూడకుండా కేసు గురించి ఒక్క వాక్యం కూడా రాయొద్దు. "కేసు నమోదైంది" అనేది ఒక మాట, "కోర్టు అభియోగాలు ఖరారు చేసింది" అనేది ఇంకో మాట, "రెండేళ్ల శిక్ష పడింది" అనేది పూర్తిగా వేరే మాట. ఆ మూడోది నిజమైతే సభ్యత్వమే పోతుంది. రెండేళ్లు, అంతకుమించి శిక్ష పడిన ఎమ్మెల్యే అప్పీలు పేరుతో పదవిలో కొనసాగే వీలును సుప్రీంకోర్టు 2013 జులైలో లిలీ థామస్ కేసులో తీసేసింది.

కేసుల సంఖ్య కూడా నన్ను పెద్దగా కదిలించదు. ఆ 11 కేసులూ నేను చూశాను. ఐపీసీ 143, 341, 188. అంటే చట్టవిరుద్ధంగా గుమిగూడటం, దారికి అడ్డుపడటం, అధికారి ఉత్తర్వును ధిక్కరించడం. ధర్నా, రాస్తారోకో చేసిన ఏ నాయకుడి మీదైనా ఇవే పడతాయి. తెలంగాణ ఉద్యమంలో రైలు పట్టాల మీద కూర్చున్నవారి మీద రైల్వే చట్టం కింద పెట్టిన కేసులు ఏళ్ల తరబడి నడిచాయి. అదే మనిషి మీద ఓడిపోయిన అభ్యర్థి అఫిడవిట్ కూడా తెరిచి చూడండన్నాను. ఆయనకు ఉన్నది ఒక్క కేసే, సెక్షన్ 420, అంటే మోసం. మీ రాతలో ఆయన ఊసే లేదు.

సెక్షన్ నంబర్ల దగ్గర ఇంకో గుంట ఉంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత నంబర్లే, తర్వాతవాటికి కొత్త నంబర్లు. పాత 420 ఇప్పుడు 318(4). పాత 307, అంటే హత్యాయత్నం, ఇప్పుడు 109. మన సినిమాలు, పేపర్లు కలిసి 302 అంటే హత్య అని మన బుర్రల్లో ముద్ర వేసేశాయి. న్యాయ సంహితలో హత్యకు శిక్ష 103లో ఉంది. 302లో ఉన్నది ఒకరి మత మనోభావాలు గాయపడేలా కావాలని మాట్లాడటం. ఎన్నికల సభలో నోరు జారిన నాయకుడి మీద రేపు 302 నమోదైతే "హత్య కేసు" అని రాసేవాళ్లు తప్పకుండా ఉంటారు. నంబరు పక్కన ఏ చట్టమో రాయడం నా పట్టుదల. జాగా సరిపోలేదని ఎవరూ చెప్పొద్దు.

"అట", "అని ఆరోపణలున్నాయి", "అని ప్రచారం జరుగుతోంది" లాంటివి పెట్టుకుంటే క్షేమమని ముగ్గురు నలుగురు రాశారు. క్షేమం కాదు. ఒకరన్న మాటను మీరు మళ్లీ పదిమందికి చేరవేస్తే, చేరవేసింది మీరే. పరువు నష్టం ఇప్పుడు న్యాయ సంహిత 356వ సెక్షన్. రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. ఈ నేరాన్ని క్రిమినల్ చట్టంలో ఉంచడం సరేనని సుప్రీంకోర్టు 2016లో తేల్చింది. నిజం రాశానన్నది ఒక్కటే సరిపోదు, ఆ నిజం చెప్పడం ప్రజా ప్రయోజనానికి అవసరం కూడా అయ్యుండాలని ఆ సెక్షన్ మొదటి మినహాయింపు చెప్తుంది. ఎమ్మెల్యే కేసులు, ఆస్తులు ప్రజలకు సంబంధించినవే. ఆయన కూతురు పెళ్లి ఎందుకు ఆగిందన్నది మాత్రం కాదు. అలాంటిది రాసినాయనకు విడిగా ఉత్తరం రాశాను, ఇక్కడ వద్దు.

ఇప్పుడు అసలు సంగతి. నాకు ఒళ్లు మండించింది ఇదే కాబట్టి నిదానంగా చెప్తాను, నిదానంగా చదవండి.

తెలంగాణ నుంచి వచ్చిన ఒక రాతలో ఇలా ఉంది: "2018లో 5.55 ఎకరాలున్న ఎమ్మెల్యేకు 2023కల్లా 6.15 ఎకరాలయ్యాయి. 60 సెంట్ల భూమి ఎక్కడి నుంచి వచ్చింది?" ప్రశ్న గట్టిగా ఉంది. ఎకరం 40 లక్షలనుకుంటే 24 లక్షల లెక్క అడుగుతున్నట్టు. నేను రెండు అఫిడవిట్లూ తెరిచాను. 2018లో రెండు ముక్కలు విడివిడిగా రాశారు: 3-25, 2-30. 2023లో రెండూ కలిపి ఒకే వరుసలో 6-15 అని రాశారు. ఇందులో కొత్త భూమి గజం కూడా లేదు.

తెలంగాణలో గీత తర్వాత ఉన్న అంకె గుంటలు. ఎకరానికి 40 గుంటలు. 3-25 అంటే 3 ఎకరాల 25 గుంటలు. 2-30 అంటే 2 ఎకరాల 30 గుంటలు. కలిపితే 5 ఎకరాల 55 గుంటలు. 55 గుంటల్లో ఒక ఎకరం పోగా 15 మిగులుతాయి. మొత్తం 6 ఎకరాల 15 గుంటలు. ఈయన కాలిక్యులేటర్ తీసి 3.25, 2.30 కూడేశాడు, 5.55 వచ్చింది. లేని కొనుగోలును కాలిక్యులేటర్ పుట్టించింది, ఈయన దానికి ఎమ్మెల్యేను సంజాయిషీ అడిగాడు. పైగా వాటిని సెంట్లన్నాడు.

సెంట్లు ఆంధ్రప్రదేశ్ లెక్క. అక్కడ ఎకరానికి 100 సెంట్లు, కాబట్టి 2.20 అంటే 2 ఎకరాల 20 సెంట్లు, నేరుగా కూడుకోవచ్చు. అదే 2.20 తెలంగాణ కాగితంలో ఉంటే 2 ఎకరాల 20 గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. గుంటకు 121 గజాలు, సెంటుకు 48.4 గజాలు. గుంటను సెంటు అనుకుంటే ప్రతి దానిలో 72.6 గజాలు గల్లంతు. హైదరాబాద్ చుట్టుపక్కల 72 గజాలంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు.

ఇంకా చిక్కు: ఒకే అభ్యర్థికి రంగారెడ్డి జిల్లాలో కొంత, గుంటూరు జిల్లాలో కొంత ఉంటుంది. ఒకే పేజీలో రెండు కొలతలు. గీత పెట్టాల్సిన చోట చుక్క పెట్టేవారూ ఉన్నారు. అందుకే ఊరు ఏ రాష్ట్రంలో ఉందో చూడకుండా అంకె ముట్టుకోవద్దు. నా అడ్డదారి ఒకటి చెప్తాను. గుంటల కాగితంలో చుక్క లేదా గీత తర్వాత 39 దాటకూడదు. 45 అనో 80 అనో కనిపిస్తే అది సెంట్లు, లేదా దశాంశాలు. కానీ 39 లోపు ఉన్నంత మాత్రాన గుంటలని అనుకోకండి, సెంట్లు కూడా 39 లోపు ఉండొచ్చు. నేనైతే అన్నిటినీ గజాల్లోకి మార్చి నోటు పుస్తకంలో రాసుకుంటాను. ఎక్సెల్‌లో చేసేవాళ్లు చేయండి. నాకు పెన్సిలే నమ్మకం.

భూమి పెరగకుండా విలువ పెరగడం దీని అన్నదమ్ముల వ్యవహారమే. "ఐదేళ్లలో 3 కోట్లు వెనకేశాడు" అని రాసినవారు విలువ గడి ఒక్కటే చూశారు. పక్కనే కొన్న తేదీ, కొన్న ధర, వారసత్వమా కాదా అనే గడులున్నాయి. అదే సర్వే నంబరు, అదే విస్తీర్ణం, ఎకరం ధర మాత్రం 30 లక్షల నుంచి 80 లక్షలైతే, ఆరెకరాలకు 3 కోట్లు తేడా వస్తుంది, ఆయన ఒక్క రూపాయి సంపాదించకపోయినా. తెలంగాణలో 2021 జులైలో ఒకసారి, 2022 ఫిబ్రవరిలో మళ్లీ ఒకసారి రిజిస్ట్రేషన్ విలువలు పెంచారు. కొందరు అభ్యర్థులు ఆ విలువే రాస్తారు, కొందరు బయటి ధర రాస్తారు. కాబట్టి విలువల మొత్తాన్ని వదిలేసి నంబర్ల వెంట పడండి. 2018లో లేని సర్వే నంబరు 2023లో ఉంటే అదీ వార్త. అప్పుడు కూడా తొందరొద్దు. అన్నదమ్ములు పంచుకుంటే 112/2 కాస్తా 112/2ఎ అవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి, పాత పొలమే కొత్త నంబరుతో కనిపిస్తుంది.

సర్పంచుల అఫిడవిట్లు కేంద్ర ఎన్నికల సంఘం సైటులో దొరకలేదన్నవారికి: అవి అక్కడ ఉండవు. పంచాయతీ ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, అది వేరే సంస్థ. ఇంకోటి, సర్పంచి ఎన్నికకు పార్టీ గుర్తులుండవు. "ఫలానా పార్టీకి మండలంలో 14 పంచాయతీలు" అని రాయకండి. ఆ పార్టీ మద్దతుతో గెలిచామని వాళ్లు చెప్పుకుంటున్నారని రాయండి, ఎవరు చెప్పారో కూడా రాయండి. ఒకే గెలుపును రెండు పార్టీలూ తమ ఖాతాలో వేసుకున్న ఊళ్లు మీకు తెలియనివేం కాదు. ఎంపీటీసీ, జడ్పీటీసీలకు గుర్తులుంటాయి, అక్కడ ఈ బాధ లేదు.

మీరు ఎవరి మీద రాశారో ఆ మనిషికి ఫోన్ చేశారా అని అడిగితే అందరూ మౌనం. పెట్టేముందు ఎవరి గురించి రాశారో వారికి, లేదా వారి పీఏకి, ప్రశ్న స్పష్టంగా పంపాలి. "మీపై ఆరోపణలకు మీ స్పందన?" అనేది ప్రశ్న కాదు. "2018లో లేని సర్వే నంబరు 214 ఈసారి మీ పేరు మీద ఉంది, ఎప్పుడు కొన్నారు?" అనేది ప్రశ్న. జవాబు రాకపోతే ఏ రోజు అడిగారో రాసి, జవాబు రాలేదని రాయండి. అలిగి "మౌనం వహించారు" అని కథ అల్లొద్దు. తప్పు బయటపడితే దిద్దుబాటు కూడా మొదటి రాత ఎక్కడ పెట్టారో అక్కడే, ఏది తప్పో చెప్తూ పెట్టాలి. గుట్టుచప్పుడు కాకుండా డిలీట్ చేస్తే స్క్రీన్‌షాట్లు మిగులుతాయి, మీ వివరణ మాత్రం మిగలదు. ఆ 11 కేసులాయన దిద్దుబాటు పెట్టాక ఫోన్లు ఆగాయి. 60 సెంట్లాయన ఇంకా పెట్టలేదు.

ఈసారి పని కాస్త ఎక్కువే. మీ ఎమ్మెల్యే వరుసగా రెండు ఎన్నికల అఫిడవిట్లు తీయండి. ఆంధ్రప్రదేశ్ అయితే 2019, 2024. తెలంగాణ అయితే 2018, 2023. కొత్తవాడైతే ఓడిపోయినవారిది తీసుకోండి, వాళ్లవీ ఉంటాయి. స్కాన్ చేసిన అసలు కాగితమే కావాలి, ఎవరో తయారుచేసిన సారాంశం వద్దు. చివరన పార్ట్-బిలో మొత్తాలుంటాయి. నేను అక్కడ మొదలుపెట్టి వెనక్కి వెళ్తాను, మీరు ఎలాగైనా వెళ్లండి. ప్రతి భూమి ముక్కకూ ఊరు, నంబరు, కాగితంలో ఉన్న విస్తీర్ణం, గజాల్లో విస్తీర్ణం, వారసత్వమా కొన్నదా, కొన్న తేదీ రాయండి. భర్త లేదా భార్య పేరున ఉన్నవి విడిగా పెట్టండి, కలిపి "ఆయన ఆస్తి" అనకండి. రెండు జాబితాల్లోనూ ఉన్నవి కొట్టేయండి. మిగిలిన ప్రతి ముక్కకూ రికార్డు వెతకండి, ఆంధ్రలో మీభూమి, తెలంగాణలో భూభారతి. 2025 ఏప్రిల్‌కు ముందు దాని పేరు ధరణి, పాత కాగితాల మీద ఆ పేరే ఉంటుంది.

తర్వాత 150 మాటల్లో రాయండి. "భారీ", "సంచలన", "కోట్లకు పడగెత్తిన" ఉంటే చదవకుండానే వెనక్కి పంపుతాను. ప్రతి వాక్యం పక్కన పేజీ నంబరు వేయండి. పేజీ నంబరు వేయలేని వాక్యం ఉంటే దాని కింద గీత గీసి నాకు పంపండి, తీసేయాలో ఉంచాలో మాట్లాడుకుందాం. గ్రూపులో మాత్రం పెట్టొద్దు.

పంచాయతీ నిధుల పాఠం వచ్చే వారం. దానికోసం మీ ఊళ్లో ఈమధ్య వేసిన ఒక సిమెంటు రోడ్డు ఎంచుకుని, దాని శిలాఫలకం ఫోటో తీసి పెట్టుకోండి. అంచనా విలువ, పథకం పేరు చదవగలిగేంత దగ్గర్నుంచి తీయండి. కిందటిసారి ఫోటోల్లో నాయకుల పేర్లు తప్ప ఏమీ కనపడలేదు.