పసిబిడ్డ కడుపునొప్పి ఏడుపు: మూలిక పట్టేముందు చూడాల్సినవి

సమస్య: పగలంతా మామూలే, సాయంత్రమైతే ఆగని ఏడుపు

పాలు బాగా తాగుతుంది, బరువు పెరుగుతుంది. పొద్దువాలేసరికి మాత్రం మొహం ఎర్రబడి, కాళ్లు పొట్టకు ముడుచుకుని గుక్కపెడుతుంది. డాక్టర్లు కోలిక్ అనేది దీన్నే. రెండు మూడు వారాల వయసులో మొదలై, ఆరో వారానికి బాగా ముదిరి, మూడు నాలుగు నెలలకు దానంతటదే పోతుంది. మూడో నెలలో ఏ కషాయం పట్టినా మంచి పేరు వచ్చేది అందుకే!

పరిష్కారం: కడుపులోకి ఏమీ వద్దు, చేయాల్సింది పైపైనే. గోరువెచ్చని నూనెతో బొడ్డు చుట్టూ గడియారం ముల్లు తిరిగే వైపు మెల్లగా రాయండి. ఎత్తుకుని తిప్పండి. ఇంగువ నీళ్లు పొట్టమీద పూయడం పాత పద్ధతి. తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. పూయాలనుకుంటే బొడ్డు పూర్తిగా మానాకే పూయండి, చర్మం కందితే కడిగేయండి. లోపలికి మాత్రం పట్టకండి. ఇంగువ పట్టిన ఐదు వారాల బిడ్డకు రక్తం ఆక్సిజన్ సరిగా మోయలేని పరిస్థితి వచ్చినట్టు 1984లో ఒక వైద్య పత్రికలో నమోదైంది.

సోంపు నీళ్ల సంగతేంటి? 2003 నాటి ఒక పరిశోధనలో సోంపు నూనెను కొలిచి, బాగా పలుచన చేసి ఇస్తే ఏడుపు తగ్గింది నిజమే. ఇంట్లో మరిగించే నీళ్లకు ఆ కొలత ఎక్కడిది? పైగా ఆ నీళ్లతో పొట్ట నిండితే పాలు తగ్గుతాయి. ఆరు నెలల లోపు పాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదు.

సమస్య: పాలు తాగగానే ఏడుపు, పొట్ట బిగుసుకోవడం

గాలి మింగుతోంది. దీనికి మూలికతో పనిలేదు. నోరు రొమ్మును సరిగా పట్టేలా చూడండి, భుజాన వేసుకుని తేన్పు రానివ్వండి.

సమస్య: మందు పట్టాక వాంతులు, మత్తు, వణుకు

అనుమానించాల్సింది ముందుగా వస కొమ్మును, అనాస పువ్వును. వసలో ఉండే బీటా ఆసరోన్ అనే హానికర రసాయనం కారణంగా అమెరికా 1968లోనే దాన్ని ఆహారంలో నిషేధించింది. అనాస పువ్వులాగే కనిపించే జపాన్ రకం విషపూరితం, ఫిట్స్ తెప్పిస్తుంది. పొడి చేశాక రెండింటినీ కంటితో చూసి విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు. తేనెలో కలిపి పట్టారా? ఏడాది లోపు తేనెతో బోట్యులిజం, అంటే క్రిమి విషంతో కండరాలు చచ్చుబడే జబ్బు, వచ్చే ప్రమాదం ఉంది. మలబద్ధకం, ఏడుపు నీరసించడం, మెడ వాలిపోవడం దాని గుర్తులు. పట్టింది ఏదైనా సరే ఆపేయండి, మిగిలింది వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

సమస్య: ఏడుపు తీరే వేరుగా ఉంది

ఆకుపచ్చ వాంతి, మలంలో రక్తం, గజ్జల్లో గడ్డ, మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంటివైద్యం మాట మరచిపోండి. కాసేపు కెవ్వుమని, కాసేపు పాలిపోయి సోలిపోతుంటే పేగులో పేగు దూరి ఉండొచ్చు, గంటలు కూడా ఆలస్యం చేయకూడదు.

ఇవేవీ లేకపోతే ఒకసారి బట్టలన్నీ విప్పి చూడండి. కాలి వేలికి తలవెంట్రుక బిగుసుకున్నా బిడ్డ ఇలాగే ఏడుస్తుంది. వేలు వాచి వెంట్రుక తేలిగ్గా రాకపోతే లాగకండి, డాక్టరు దగ్గర తీయించండి.