డిసర్టేషన్‌కి ఊరెళ్లే ముందు

బ్రిటన్‌లో హ్యుమానిటేరియన్ స్టడీస్ (విపత్తులు, యుద్ధాల్లో చిక్కుకున్నవాళ్లకి అందే సాయం గురించిన చదువు) మాస్టర్స్ ఏడాది కోర్సు. దాని చివర్లో రాసే పరిశోధన వ్యాసమే డిసర్టేషన్. డిసర్టేషన్‌కి మిగిలేది వేసవిలో మూడు నెలలు, మహా అయితే నాలుగు. నేను తిత్లీ తుఫాను మీద చేశాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటి, అక్కడి ఉద్దానం ప్రాంతపు కొబ్బరితోటల్ని పడుకోబెట్టేసిన తుఫాను అది. రాసేటప్పుడు పెద్దగా ఇబ్బంది పడలేదు. పడ్డ తిప్పల్లో చాలావరకు అంతకుముందువే.

టాపిక్ ముందు చిన్నది చేసుకోండి. ‘తుఫాను సహాయక చర్యలు’ అంటే పీహెచ్‌డీకి కూడా ఎక్కువే. తోట ఉన్నవాళ్లకి చెట్టు లెక్కన పరిహారం ఇచ్చారు, మరి ఆ తోటలో కాయలు దింపే కూలీకి ఏమొచ్చింది? ఇంత ఉంటే చాలు, పదిహేను వేల మాటలు నిండుతాయి. గాజా, సూడాన్ మీద చేయాలనుకునేవాళ్లు అక్కడికి వెళ్లే ఆలోచన పెట్టుకోకండి. నివేదికలు, తీర్మానాలు చదివి చేసే డిసర్టేషన్ తక్కువదేం కాదు.

ఎథిక్స్ అనుమతి, అంటే మనుషులతో మాట్లాడి చేసే పరిశోధనకి యూనివర్సిటీ ఇచ్చే అనుమతి, రాకుండా ఒక్క ఇంటర్వ్యూ కూడా రికార్డు చేయొద్దు. ముందే చేసింది తర్వాత వాడుకోనివ్వరు. ఫారం మార్చిలోనే పెట్టేయండి. నేను మేలో పెట్టి, అనుమతి వచ్చేస్తుందిలే అని టికెట్ కూడా కొనేశాను. ఫారం రెండుసార్లు వెనక్కొచ్చింది. ‘మాట్లాడుతూ ఏడిస్తే ఏం చేస్తారు?’ అన్న గడిలో ‘ఓదారుస్తాను’ అని రాశాను మరి. రికార్డింగ్ ఆపేస్తాను, మళ్లీ మాట్లాడాలో వద్దో వాళ్లకే వదిలేస్తాను, దగ్గర్లో ఎవరి సాయం దొరుకుతుందో ముందే కనుక్కుని ఉంచుతాను అని రాయాలట. శ్రీకాకుళంలో రెండు వారాలు ఊరికే కూర్చున్నాను.

అసలు జాగ్రత్త సమ్మతి పత్రం దగ్గర. వజ్రపుకొత్తూరు వైపు ఒక ఊళ్లో ఓ పెద్దావిడ చేతికి ఆ కాగితం ఇచ్చాను. చదవడం రాదు. అటూ ఇటూ తిప్పి చూసి, “ఏలిముద్ర ఎక్కడెయ్యాల బాబూ? డబ్బులెప్పుడు పడతాయి?” అంది. సాయంత్రానికి నేను దిగిన ఇంటి ముందు పదిమంది ఆడవాళ్లు ఆధార్ జిరాక్సులు పట్టుకుని నిలబడ్డారు. తప్పు వాళ్లది కాదు. తుఫాను తర్వాత ఆ ఊరికి కాగితాలతో వచ్చినవాళ్లంతా నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లే. కాబట్టి మొదటి మాటే ఇది: నేను సర్కారు మనిషిని కాను, నా వల్ల ఏమీ రాదు, ఇష్టం లేకపోతే మాట్లాడక్కర్లేదు. సంతకానికి బదులు నోటిమాటగా సమ్మతి తీసుకుంటానని ఎథిక్స్ ఫారంలోనే అడగండి. వాళ్ల పనివేళలు చూసుకుని వెళ్లండి. జూలైలో పొద్దున్నే వెళ్తే ఇంట్లో ముసలివాళ్లు తప్ప ఎవరూ ఉండరు.

పేరు మార్చినంత మాత్రాన మనిషి దాగదు. అరవై గడపల ఊళ్లో ‘కిరాణా కొట్టు నడిపే వితంతువు’ అంటే ఎవరో అందరికీ తెలుసు. వివరాలు కలిపేయండి, అవసరం లేనివి తీసేయండి.

విపత్తు సాయంలో కనీసం ఎంత అందాలో చెప్పే అంతర్జాతీయ స్ఫియర్ ప్రమాణాల్లో మనిషికి రోజుకి 15 లీటర్ల నీళ్లు, పైకప్పు కింద 3.5 చదరపు మీటర్ల చోటు అని ఉంటుంది. ఆ అంకెలు పట్టుకుని ఊరికి మార్కులు వేయకండి. ఇక్కడ బోరు ఉంది, నీళ్లూ ఉన్నాయి. కరెంటు లేక మోటారు ఆడలేదు, అంతే. ఆ అంతేలోనే మీ అధ్యాయం ఉంది.

గంట రికార్డింగ్‌ని కాగితం మీద పెట్టడానికి నాకు ఆరు గంటలు పట్టింది. ఉద్దానం యాస సాఫ్ట్‌వేర్‌కి బొత్తిగా ఎక్కలేదు. ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడు ఇంకో చిక్కు. “సాయం అందిందా?” అని అడిగితే ఒకాయన, “సాయం ఎవుడు సేసాడు? పరిహారం వొచ్చింది” అన్నాడు. ఆయన దృష్టిలో ఒకటి దయ, ఇంకొకటి తనకి రావాల్సింది. నేను రెండింటికీ ఒకే ఇంగ్లిష్ మాట వేసి, ఆగస్టులో మూడో అధ్యాయం మొత్తం మళ్లీ రాశాను. ఇలాంటి మాటలు ట్రాన్స్‌క్రిప్ట్‌లో తెలుగులోనే ఉంచి, అర్థం పక్కన రాసుకోండి.