పెరిగే నగరాన్ని ఒకే పటంలోకి తేవడం

డాబా మీదనుంచి 180 డిగ్రీల దృశ్యం గీయాలంటే ముందు కొలత కావాలి. చేయి పూర్తిగా చాచి పిడికిలి పడితే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. 90 సెం.మీ. కాగితాన్ని 18 భాగాలు చేస్తే పిడికిలికి 5 సెం.మీ. వస్తుంది. ఎత్తు 30 సెం.మీ. చాలు. కాగితం పై అంచునుంచి 10 సెం.మీ. దగ్గర దిగంతరేఖ (నేల, ఆకాశం కలిసే గీత; ఇదే మన కంటి మట్టం) గీయండి. పైనుంచి చూస్తున్నాం కాబట్టి నేలకే ఎక్కువ చోటు.

చాలామంది తడబడేది ఇక్కడే: ఎదురుగా అడ్డంగా పోయే రోడ్డును స్కేలుతో గీసేస్తారు. తల తిప్పి చూడండి, రోడ్డు రెండు కొసలూ దిగంతం వైపు లేస్తాయి. అందుకే దాన్ని మధ్యలో కిందికి వంగిన గీతగా వేయాలి. కంటి మట్టానికి పైనున్న అడ్డగీతలు మధ్యలో పైకి ఉబ్బుతాయి. దిగంతం, నిలువు గోడలు మాత్రం తిన్నగానే ఉంటాయి. 1787లో పనోరమాకు, అంటే చుట్టూ కనిపించే దృశ్యాన్ని ఒకే పటంగా చూపే పద్ధతికి, పేటెంటు పొందిన చిత్రకారుడు రాబర్ట్ బార్కర్ కూడా ఈ వంపులతోనే కుస్తీ పట్టాడు.

కొండ, నది, పాత గోపురం వంటి కదలనివి ముందు గీయండి. కట్టుబడిలో ఉన్న భవనాలు, క్రేన్లు పెన్సిల్‌తోనే ఉంచి ఆఖర్న తేల్చండి; నెల తిరిగేసరికి రెండంతస్తులు లేచి ఉంటాయి. నీడలు ఒకే గంటవి కావాలి. ఉదయం ఎడమసగం, సాయంత్రం కుడిసగం వేస్తే పటంలో రెండు సూర్యులు వచ్చినట్టే.

నీటిరంగులైతే 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) మందపాటి కాగితం వాడండి. ఆకాశం రంగు ఒకేసారి గిన్నెనిండా కలపండి. సగంలో అయిపోతే అతుకు కనిపిస్తుంది. వెనక తేదీ, నిలబడిన చోటు రాయండి.