సంక్రాంతి అరిసెలకు పాకం చెడకుండా పట్టడం ఎలా?

నెల్లూరు దాటి పెన్న వారధి దిగితే వచ్చే కోవూరు మాది. ఇరవై అయిదేళ్లుగా ప్రతి సంక్రాంతికీ అరిసెలు వండుతున్నాను. మా ఇంట్లోనే కాక, పిలిచిన బంధువుల ఇళ్లలో కూడా చాలాసార్లు పొయ్యి దగ్గర నిలబడ్డాను. నూనెలో వేయగానే విచ్చిపోయిన అరిసెలను, మరునాటికే పంటికి లొంగకుండా పోయిన అరిసెలను చూసి చూసి, తప్పు ఎప్పుడూ ఒక్కచోటే జరుగుతున్నదని నాకు రూఢి అయింది. అది పాకం దగ్గర. అందువల్ల మిగిలిన పనులను క్లుప్తంగా చెప్పి, పాకం గురించి మాత్రం తీరికగా చెబుతాను.

కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం, ఒక గ్లాసు నీళ్లు, వంద గ్రాముల తెల్ల నువ్వులు, పది పన్నెండు ఏలకులు, నాలుగు చెంచాల నెయ్యి, వేయించడానికి లీటరు వేరుశనగ నూనె కావాలి. వీటితో ఒక మోస్తరు సైజు అరిసెలు నలభై వరకు వస్తాయి. అడుగు మందంగా ఉన్న గిన్నె, గట్టి కర్ర తెడ్డు, బాండలి, చిల్లుల గరిటె, అరిసెలు ఒత్తే చెక్కలు సిద్ధంగా ఉంచుకోవాలి. నూనె విషయంలో మాత్రం రాజీ పడకూడదు. వేరుశనగ నూనెలో వేగిన అరిసెకు వచ్చే కమ్మదనం మరే నూనెలోనూ రాదు.

అరిసెలకు కొత్త బియ్యమే కావాలని చాలామంది పట్టుబడతారు. సంక్రాంతికి ముందే వరికోతలు ముగిసే కృష్ణా, గోదావరి జిల్లాల వారికి అది సహజమైన మాట. మన నెల్లూరు ఆయకట్టులో ఈశాన్య ఋతుపవనాల వానలను, సోమశిల జలాశయం నీటిని నమ్ముకొని నాట్లు వేస్తారు కనుక, పండుగ నాటికి మడి ఇంకా పచ్చగానే ఉంటుంది. కోతలు మొదలయ్యేసరికి ఫిబ్రవరి, మార్చి నెలలు వస్తాయి. పండుగకు ఇంట్లో ఉండేది ఎడగారు (రెండో పంట) ధాన్యమో, నిరుటి ధాన్యమో అవుతుంది. ఆ బియ్యంతోనే తరతరాలుగా ఈ జిల్లాలో మంచి అరిసెలు వండుతున్నారు. పాత బియ్యమైతే నానబెట్టే సమయాన్ని పెంచితే చాలు. అయితే అది పచ్చి బియ్యమై ఉండాలి. ఉప్పుడు బియ్యం దీనికి పనికిరాదు.

బియ్యాన్ని కడిగి పూర్తిగా ఒక రోజు, పాతవైతే మరో ఆరు గంటలు అదనంగా నానబెట్టాలి. నీరు పులిసి వాసన రాకుండా ఉదయం, సాయంత్రం, రాత్రి నీళ్లు మార్చాలి. తరువాత వడగట్టి, నీడలో వేసిన నూలు గుడ్డపై పలుచగా పరిచి, పావుగంట మాత్రమే ఉంచాలి. గింజను పట్టుకుంటే వేలికి చల్లగా తగలాలే గానీ నీరు అంటకూడదు. వెంటనే మరకు తీసుకువెళ్లి మెత్తగా ఆడించాలి. పండుగ వారంలో మర దగ్గర రద్దీ ఎక్కువగా ఉంటుంది కాబట్టి, మనకు ముందు ఏమి ఆడించారో అడిగి తెలుసుకోవడం అవసరం. ఒక ఏడాది మా బియ్యానికి ముందు మిరపకాయలు ఆడించారని ఇంటికి వచ్చి పిండి జల్లించేటప్పుడు గానీ నాకు తెలియలేదు. రెండు కిలోల పిండినీ పక్కన పెట్టి మళ్లీ బియ్యం నానబెట్టవలసి వచ్చింది.

జల్లించిన తడిపిండిని పిడికిట్లో గట్టిగా నొక్కి వదిలితే ముద్ద విడిపోకుండా వేళ్ల గుర్తులతో నిలవాలి. ఆ పిండిని గిన్నెలో అదిమి, తడి గుడ్డ కప్పి ఉంచాలి. అంగడిలో ప్యాకెట్లలో దొరికే పొడి బియ్యప్పిండితో అరిసెలు వండడానికి ప్రయత్నించవద్దని నేను అందరినీ కోరుతున్నాను. పొడిపిండి పాకంలోని తడినంతా తానే పీల్చుకుంటుంది. అప్పుడు పాకం సరిగ్గా కుదిరినా చలిమిడి బిరుసెక్కి, ఒత్తేటప్పుడు అంచులు పగులుతాయి.

బెల్లం ముదురు రంగులో, గట్టిగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. పాలిపోయిన పసుపు రంగులో మెరిసే బెల్లం చూడడానికి బాగున్నా, ఆ రంగు కోసం మందులు కలిపే అలవాటు ఉన్నందున నేను దానిని కొనను. మన తీరంలో డిసెంబరు దాకా గాలిలో తేమ ఉంటుంది కనుక, నెల ముందే కొని పెట్టిన బెల్లం చెమ్మగిల్లి కారుతుంది. పండుగ వారంలోనే కొనడం మంచిది. ఉప్పదనం ఉన్న బెల్లం కూడా వస్తుంది కాబట్టి, ఒక పలుకు నోట్లో వేసుకొని చూసిన తరువాతే తూకం వేయించుకోవాలి.

ఇక పాకం.

మొదట ఒక నియమం. పాకం పట్టడానికి ఎవరూ ఒంటరిగా కూర్చోకూడదు. కనీసం ఇద్దరు ఉండాలి. ఒకరు తెడ్డు తిప్పితే మరొకరు పిండి పోయాలి. పాకం కుదిరిన క్షణం తరువాత పిండి డబ్బా కోసం వెదుక్కునే వ్యవధి ఉండదు. మా ఇంట్లో పాకం చూసేది మా అత్తయ్య, తెడ్డు పట్టేది నేను, పిండి పోసేది మా ఆయన. పిల్లలు పక్కన కూర్చొని నువ్వులు ఏరుతారు. ఫోన్లన్నీ అవతలి గదిలో ఉంటాయి. దానికి కారణం ఉంది. నా పెళ్లయిన తరువాత వచ్చిన మొదటి సంక్రాంతికి పాకం ఉడుకుతుండగా ఫోన్ మోగితే వెళ్లి రెండు మాటలు మాట్లాడి వచ్చాను. ఆ కాస్త వ్యవధిలోనే పాకం ముదిరిపోయింది. ఆ రోజు మా అత్తయ్య నన్ను ఒక్క మాట కూడా అనకుండా చలిమిడిని ఎలా దారికి తెచ్చారో తరువాత చెబుతాను.

బెల్లాన్ని దంచి, గ్లాసు నీళ్లు పోసి, సన్నని మంటపై కరిగించాలి. కరగగానే దించి, పలుచని గుడ్డలో వడగట్టాలి. చెరకు పీచు, ఇసుక ఏమున్నా ఇక్కడే పోతాయి. గిన్నె కడిగి, వడగట్టిన నీటిని మళ్లీ అందులో పోసి, మధ్యస్థంగా మంట పెట్టాలి. మొదట పెద్ద పెద్ద నురుగు బుడగలు లేచి గిన్నె అంచు దాకా పొంగుతాయి. తరువాత పొంగు తగ్గి, బుడగలు చిన్నవై, చిక్కగా, నిదానంగా పగులుతాయి. బుడగ చిన్నదైన దగ్గర నుంచి మనిషి కదలకూడదు.

ఇప్పుడు ఒక పళ్లెంలో చల్లని నీళ్లు పోసి పక్కన పెట్టుకొని, తెడ్డు అంచు నుంచి ఒక చుక్క పాకాన్ని అందులో వేయాలి. మొదటిసారి అది నీటిలో గోధుమ రంగు పొగలా కరిగిపోతుంది. మరి కాసేపటికి కరగకుండా అడుగున నిలుస్తుంది గానీ, వేలితో లాగితే చెదురుతుంది. దీనినే చాలామంది పాకం వచ్చిందని భ్రమపడి పిండి పోస్తారు. ఆ అరిసెలే నూనెలో విచ్చిపోతాయి. ఆ తరువాత అర నిమిషానికి ఒకసారి చొప్పున, ప్రతిసారీ నీళ్లు మార్చి పరీక్షించాలి. వెచ్చబడిన నీళ్లలో పాకం మెత్తగానే కనిపించి మోసం చేస్తుంది.

సరైన పాకం ఇలా ఉంటుంది. నీటి అడుగున నిలిచిన చుక్కను మూడు వేళ్లతో దగ్గరికి చేరిస్తే వెన్నపూసలా ఒద్దికగా ఉండ కడుతుంది. ఆ ఉండను పైకి తీసి చూపుడు వేలిపై పెట్టుకుంటే, నిటారుగా నిలవకుండా, రెండు మూడు లెక్కలు పెట్టేలోగా మెల్లగా రెండు వైపులా వాలుతుంది. బొటనవేలితో నొక్కితే వేలిముద్ర పడుతుంది, చిట్లదు. ఈ వాలడమే గుర్తు. ఉండ వాలకుండా గుండ్రంగా నిలిచిందంటే లేతదనం దాటిపోయినట్టే. పళ్లెంలోకి విసిరితే ఠంగుమని మోగిందంటే అది వేరుశనగ ఉండలకు పనికివచ్చే పాకమే గానీ, అరిసెలకు కాదు.

దీని వెనుక ఉన్న కారణం తెలిస్తే భయం తగ్గుతుంది. బెల్లపు నీరు మరిగేకొద్దీ నీరు ఆవిరై తీపి చిక్కబడుతుంది. చిక్కబడేకొద్దీ అది మరిగే వేడి కూడా పెరుగుతూ పోతుంది. మెత్తని ఉండ కట్టే దశ సుమారు 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. వంటకు వాడే థర్మామీటరు ఉన్నవారు చూసుకోవచ్చు. అయితే ఒక దిమ్మకూ మరో దిమ్మకూ బెల్లంలో తేడా ఉంటుంది కాబట్టి చివరి తీర్పు వేళ్లదే కావాలి. గడియారాన్ని మాత్రం అసలు నమ్మకూడదు. పన్నెండు నిమిషాలనీ, పదిహేను నిమిషాలనీ చెప్పేవారి గిన్నె, మంట, బెల్లం మీ ఇంట్లో ఉండవు.

పొయ్యి ఆర్పిన తరువాత కూడా మందపాటి గిన్నెలోని వేడికి పాకం ఇంకా ముదురుతుంది. అందుకని ఉండ బాగా కుదిరిందని తృప్తిపడే దాకా ఆగకుండా, కుదరబోతున్నదని తెలిసిన వెంటనే మంట ఆర్పాలి. లేత వైపు కాస్త తప్పితే దిద్దుకోవచ్చు గానీ, ముదురు వైపు తప్పితే దిద్దుకోవడం కష్టం. పాకాన్ని మంట మీద ఉంచే పిండి కలిపేవారిని కూడా చూశాను. అది సరైన పద్ధతి కాదు. గిన్నెను నేల మీదికి దించి, పాత గుడ్డ చుట్టపై కదలకుండా నిలిపి, అప్పుడే కలపాలి.

దించగానే ఏలకుల పొడి, సగం నువ్వులు, రెండు చెంచాల నెయ్యి వేసి, ఒకరు పిండిని చేటతో కొంచెం కొంచెంగా రాలుస్తుండగా మరొకరు ఉండ కట్టకుండా ఆపకుండా తిప్పాలి. పిండి అంతా పోసి తీరాలనే లెక్క పెట్టుకోకూడదు. పాకం ఎంత పట్టుకుంటే అంతే పోయాలి. ఎప్పుడూ రెండు గుప్పెళ్ల పిండిని విడిగా ఉంచాలి. తెడ్డు ఎత్తితే చలిమిడి ఒక్కసారిగా జారిపోకుండా, బరువుగా ముద్దలు ముద్దలుగా రాలేటప్పుడు ఆపాలి. వేడిలో అది కొంచెం జారుగానే కనిపిస్తుంది, చల్లారితే బిగుస్తుంది. మిగిలిన నెయ్యిని పైన రాసి, మూత పెట్టాలి.

ఒక అరిసెను ముందుగా వేయించి చూడటం తప్పనిసరి. అది నూనెలో విచ్చిపోతే పాకం లేతగా ఉన్నదని అర్థం. విడిగా ఉంచిన పిండిలో ఒక గుప్పెడు కలిపి, గంట సేపు ఉంచి మళ్లీ చూడాలి. చలిమిడి గట్టిపడి, ఒత్తితే పగులుతుంటే, ఆ మొదటి సంక్రాంతినాడు మా అత్తయ్య చేసినట్టు చేయాలి. ఆవిడ కాగిన పాలను చెంచాతో ఒక్కొక్కటిగా చిలకరిస్తూ, ప్రతి చెంచాకూ అరచేతి అడుగు భాగంతో చలిమిడిని మర్దించి, అయిదారు చెంచాలతోనే దారికి తెచ్చారు. పాలు ఒక్కసారిగా పోస్తే జావగా మారుతుంది. పాలు కలిపిన అరిసెలు ఎక్కువ రోజులు నిలవవు కాబట్టి వాటిని మూడు నాలుగు రోజుల్లో తినేయాలి.

తమిళ దేశంలో అరిసెల్లాంటి అతిరసాలకు చలిమిడిని రెండు మూడు రోజులు నిలవ ఉంచి వండుతారు. సూళ్లూరుపేట వైపు మా బంధువుల ఇళ్లలో కూడా ఆ పద్ధతే చూశాను. ఆ రుచి వేరు. అరిసె మాత్రం గోరువెచ్చని చలిమిడితో, ఆ రోజే వండాలి. అప్పుడే అది లోపల మెత్తగా, అంచున కరకరగా ఉంటుంది.

వేయించడంలో కష్టమేమీ లేదు. నిమ్మకాయంత ఉండను నువ్వులలో దొర్లించి, నూనె రాసిన అరిటాకుపై అర అంగుళం కంటే తక్కువ మందంలో ఒత్తాలి. మధ్యస్థంగా కాగిన నూనెలో వేస్తే అది అడుగుకు వెళ్లి, తనంతట తాను పైకి తేలి పొంగుతుంది. తేలేదాకా గరిటె తగిలించకూడదు. ఒకసారి తిప్పి, ఎర్రబడగానే తీసి, వెంటనే రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కి నూనె పిండాలి. బాండలిలో రెండింటికి మించి వేస్తే నూనె వేడి తగ్గి అరిసె నూనె పీలుస్తుంది. ఒకరు ఒత్తుతూ, ఒకరు వేయిస్తూ, ఒకరు చెక్కలు నొక్కుతూ ఉంటే కిలో పిండి గంటన్నరలో పూర్తవుతుంది. మా ఇంట్లో చెక్కల పని మా అబ్బాయిది. నూనె పిండిన అరిసెపై చెక్క గీతలు పడ్డాయో లేదో చూసి, పడకపోతే వాడే మళ్లీ నొక్కుతాడు.

వేయించిన అరిసెలను ఒకదానిపై ఒకటి పేర్చకుండా, వరిగడ్డిపై గానీ శుభ్రమైన కాగితంపై గానీ నిలువుగా ఆనించి, రాత్రంతా చల్లారనివ్వాలి. వెచ్చగా ఉండగానే డబ్బాలో పెట్టి మూత వేస్తే ఆవిరి పట్టి నాలుగో రోజుకే బూజు వస్తుంది. చల్లారిన వాటిని స్టీలు డబ్బాలో పెడితే పదిహేను రోజులు నిలుస్తాయి. భోగికి రెండు రోజుల ముందు వండుకుంటే, కనుమనాడు గొబ్బెమ్మలతో పెన్న ఒడ్డుకు ఏటి పండుగకు వెళ్లేటప్పుడు ఇంటిల్లిపాదికీ మూట కట్టడానికి అవి సరిగ్గా కుదురుకొని ఉంటాయి. అరిసెకు అసలు రుచి వచ్చేది మూడో రోజునే కనుక, వండిన నాడు పిల్లలకు తలా ఒకటి ఇచ్చి డబ్బాను అటక మీద పెట్టాలి.