‘క్యాచ్-22’ సగంలో వదిలేయకుండా చదవాలంటే

బెంగళూరు జాలహళ్లిలో మా వీధిలో ఉండే అనంతపురం కుర్రాడు చర్చ్ స్ట్రీట్‌లో సెకండ్‌హ్యాండ్ ‘క్యాచ్-22’ కొనుక్కున్నాడు. వారం తిరక్కుండానే తెచ్చి నా చేతిలో పెట్టాడు. “నవ్వొస్తోంది గానీ అంకుల్, ఏది ముందో ఏది వెనకో తెలియట్లేదు. మీరే ఉంచుకోండి” అన్నాడు. కూర్చోబెట్టి అతనికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

ఇది రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానాలు ఎక్కే అమెరికన్ సైనికుల నవల. ముందు మిషన్ల లెక్క, అంటే బాంబులు వేయడానికి ఎన్నిసార్లు ఎగరాలన్న లెక్క, పట్టుకోండి. జోసెఫ్ హెల్లర్ ఈ కథను వరసలో చెప్పడు. కానీ ఎన్ని మిషన్లు ఎగిరితే ఇంటికి పంపుతారో ఆ సంఖ్యను వాళ్ల కమాండర్ కల్నల్ క్యాత్‌కార్ట్ పెంచుకుంటూనే పోతాడు, చివరికి 80 దాకా. ఏ అధ్యాయంలో ఎన్ని అడుగుతున్నారో అట్ట లోపల పెన్సిల్‌తో రాసుకుంటే ఏది ఎప్పుడు జరిగిందో తేలిపోతుంది. ఈ లెక్కతో బతకడమంటే ఏమిటో హెల్లర్‌కు తెలుసు. 1944లో కోర్సికా నుంచి బి-25 బాంబర్లలో బాంబులు వదిలే బాంబార్డియర్‌గా 60 మిషన్లు ఎగిరినప్పుడు ఆయనకు 21 ఏళ్లు. నవల 1961లో వచ్చింది.

పేరులో ఉన్న రూల్‌ను చాలామంది ‘ముందు నుయ్యి, వెనక గొయ్యి’ అంటారు. అది సరిపోదు. పిచ్చి ఉంటే విమానం ఎక్కక్కర్లేదు, కానీ అడగాలి. అడిగితే ప్రాణభయం ఉన్నట్టే, అంటే పిచ్చి లేనట్టే. మనవాళ్లు ఎప్పుడో అన్నారు: పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. ఆ సామెత పట్టుకుని చదవండి.

ఇక అసలు సంగతి. నవ్వించిన ప్రతి వస్తువునూ గుర్తుపెట్టుకోండి. అది మళ్లీ వస్తుంది.

నేను ఎయిర్‌ఫోర్సులో లైఫ్ జాకెట్లు చెక్ చేసే సెక్షన్‌లో పనిచేశాను. జాకెట్‌లో దాన్ని ఉబ్బించే చిన్న గ్యాస్ సిలిండర్ ఉంటుంది. ఆ సిలిండర్‌ను తీసి తూకం వేస్తాం. ఉండాల్సిన బరువు కంటే తగ్గితే గ్యాస్ కారిందని అర్థం, పక్కన పడేస్తాం. ఈ నవలలో మెస్ ఆఫీసర్ మైలో ఆ సిలిండర్లు తీసేసి ఆఫీసర్లకు ఐస్‌క్రీమ్ సోడాలు చేస్తాడు. వాటి స్థానంలో, కంపెనీకి మేలైతే దేశానికీ మేలేనని ఒక చీటీ పెడతాడు. మొదటిసారి చదివినప్పుడు నవ్వాను. వెంటనే నా చేతులు గుర్తొచ్చి సిగ్గేసింది. విమానం సముద్రంలో దిగినప్పుడు ఆ జాకెట్లు ఉబ్బవు.

41వ అధ్యాయంలో స్నోడెన్ అనే గన్నర్ విమానం వెనక భాగంలో పడి ఉంటాడు. కథానాయకుడు యొసారియన్ అతని తొడ మీది గాయానికి ఎంతో శ్రద్ధగా కట్టు కడతాడు. స్నోడెన్ మాత్రం “చలేస్తోంది” అంటూనే ఉంటాడు. నొప్పికి మార్ఫిన్ ఇద్దామని ఫస్ట్ ఎయిడ్ పెట్టె తెరిస్తే మార్ఫిన్ ఉండదు. మైలో చీటీ ఉంటుంది, అదే మాట. అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో నేను చెప్పను. ఆ అధ్యాయం బస్సులో చదవకండి. ఇంట్లో, ఒక్క బిగిన చదవండి.

మొన్న రాత్రి పదకొండింటికి ఆ కుర్రాడు ఫోన్ చేశాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు మైలో అధ్యాయాలు మళ్లీ మొదటినుంచి చదువుతున్నాడు.